బాబుని స్కౌట్స్‌లో చేర్పించాలంటే విజయవాడలో ఎక్కడ మొదలుపెట్టాలి?

బాబు ఆరో తరగతి, పాప మూడు, బదిలీ మీద గుంటూరు నుంచి భవానీపురం వచ్చామన్నారు. కొత్త స్కూల్లో స్కౌట్స్ లేదు, బయట ఎక్కడ చేర్చాలి, ఎంతవుతుంది, చదువు దెబ్బతింటుందా అని అడిగారు. మా పిల్లలిద్దరూ స్కౌట్స్‌లోనే పెరిగారు. వాళ్లని దింపడానికి వెళ్లి, అక్కడే ఉండిపోయినవాణ్ని నేను. మా ట్రూప్‌కి, అంటే మా స్కౌట్స్ దళానికి, కొత్తగా వచ్చే కుటుంబాలతో మాట్లాడే పని ఇప్పుడు నాదే, కాబట్టి మీవి రోజూ వినే ప్రశ్నలే.

ముందు ఎక్కడ అన్నది. మన దేశంలో ఇది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అనే సంస్థ కింద నడుస్తుంది. 1950 నవంబర్ 7న ఏర్పడింది. యూనిట్లు చాలావరకు బడుల్లోనే ఉంటాయి, ఆ బడి పిల్లలకే. వేరే బడి పిల్లల్ని చేర్చుకునేవాటిని ఓపెన్ గ్రూపులంటారు, మీకు కావలసింది అదే. రైల్వేకి, కేంద్రీయ విద్యాలయాలకి విడిగా వాటి సొంత సంఘాలున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా రైల్వేలో చేస్తుంటే ముందు ఆ వైపు కనుక్కోండి, విజయవాడ రైల్వే ఊరు కదా. లేకపోతే డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) ఆఫీసులో జిల్లా స్కౌట్స్ సంఘం వివరాలు అడగండి. అంతకంటే తొందరగా పనయ్యే దారి ఇంకోటుంది. మీ దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలుకి వెళ్లి పీఈటీ గారిని అడగండి. ఏ యూనిట్ నిజంగా నడుస్తోందో, ఏది కాగితం మీదే ఉందో ఆయనకి తెలుస్తుంది.

కాగితం మీద యూనిట్లు ఉన్నాయండీ, దాచిపెట్టడం దేనికి. ఆగస్టు 15కి, జనవరి 26కి స్కార్ఫులు కట్టించి, కవాతు చేయించి, ఫొటో తీసి, మళ్లీ ఏడాది దాకా ఊసెత్తరు. చేర్చే ముందు ఈ ఏడాది రిజిస్ట్రేషన్ అయిందా, వారం వారం కలుస్తారా అని అడగండి. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి చూడండి కూడా. అక్కడ పెద్దవాళ్ల గొంతే ఎక్కువగా వినపడితే ఇంకో చోటు వెతుక్కోండి. పిల్లల గొంతు వినపడాలి.

నేను ప్రతి కుటుంబానికీ చెప్పేది ఇక్కడే ఉంది. ట్రూప్‌లో పిల్లల్ని ఆరుగురి నుంచి ఎనిమిది మంది చొప్పున పెట్రోల్స్ అనే చిన్న జట్లుగా విడదీస్తారు. ఒక్కో పెట్రోల్‌కి ఓ లీడర్. ఆ లీడర్ పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రాడు. మీ బాబుకి ముడులు నేర్పేది, టెంటు వేయించేది, ఆలస్యంగా వస్తే నిలదీసేది వాడే. స్కౌట్ మాస్టర్ పక్కన నిలబడి చూస్తుంటారు. మన తల్లిదండ్రులకి మింగుడుపడనిది ఇదొక్కటే. ఫీజు కట్టి ట్యూషన్‌కి పంపడం అలవాటైన ఊరు మనది. "సారు చెప్పకుండా ఆ పిల్లాడికి వదిలేశారేంటి?" అని కొత్తగా వచ్చిన ప్రతి నాన్నా అడుగుతాడు. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవిలో, స్కౌట్స్‌ని మొదలుపెట్టిన బేడెన్ పావెల్ మొట్టమొదటి క్యాంపు పెట్టినప్పుడు వచ్చిన ఇరవై మంది కుర్రాళ్లనీ నాలుగు పెట్రోల్స్‌గానే విడదీశాడు. అది తీసేస్తే స్కౌట్స్‌లో మిగిలేది యూనిఫాం, విజిల్.

దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. మొన్నో పెట్రోల్ లీడర్ కొత్త పిల్లాడికి గ్రౌండ్ కమ్మీకి క్లోవ్ హిచ్ అనే ముడి వేయడం చూపిస్తున్నాడు. తాడు ఒక చుట్టు తిప్పి, దాని మీదుగా దాటించి, రెండో చుట్టు కిందకి దూర్చి లాగాలి. కొత్తవాడు ప్రతిసారీ రెండో చుట్టు తిరగేసి వేస్తున్నాడు. లీడర్ ఎదురుగా నిలబడి చూపిస్తే వాడికి కుడి ఎడమలు తారుమారవుతున్నాయి. కాసేపటికి లీడర్‌కే తట్టింది. వెనక్కి వెళ్లి, వాడి భుజాల మీదుగా చేతులు చాపి, తాడు ఇద్దరూ కలిసి పట్టుకున్నారు. ముడి పడింది. ఆ ఉపాయం వాడికి మేమెవరం చెప్పలేదు. మీ బాబు మొదటి నెల కొత్తవాడు, రెండేళ్లకి ఆ లీడర్ జాగాలో ఉంటాడు. పంపాల్సింది దానికోసం.

అందుకని మొదటి రెండు మూడు నెలలు గ్రౌండ్ గట్టు మీద కూర్చుని "బూటు లేసు కట్టుకో", "సార్ పిలుస్తున్నారు" అని కేకలు వేయొద్దు. దింపి వెళ్లిపోండి. ఇంటికొచ్చాక "ఏం నేర్పారు?" అని కాకుండా "మీ పెట్రోల్‌లో ఎవరెవరున్నారు?" అని అడగండి. పేర్లు గడగడా చెప్తున్నాడంటే కుదురుకున్నట్టే.

ఖర్చు గురించి టెన్షన్ వద్దు. సభ్యత్వ రుసుము స్వల్పం. అయ్యే ఖర్చంతా యూనిఫాంకి, క్యాంపులకే. యూనిఫాం మాత్రం వెళ్లిన వారమే కుట్టించకండి. ముందు ప్రవేశ్ అనే దశ ఉంటుంది. ప్రమాణం, నియమాలు, సెల్యూట్, ఎడమచేతి కరచాలనం, జెండా గురించి, రోజుకో మంచి పని చేయడం, ఇవన్నీ వచ్చాకే ప్రమాణం చేయించి బ్యాడ్జీ పెడతారు. పిల్లాడు అక్కడిదాకా నిలబడతాడో లేదో చూసి అప్పుడు బట్ట కొనండి. స్కౌట్ చొక్కా స్టీల్ గ్రే, కింద నేవీ బ్లూ. వస్త్రలతలో, అదే ఇక్కడి బట్టల మార్కెట్లో, స్టీల్ గ్రే అని అడిగితే నాలుగు రకాల బూడిద రంగులు ముందు పడేస్తారు. ట్రూప్‌లో ఒకరి పాత చొక్కా తీసుకెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. బ్యాడ్జీలు, స్కార్ఫు ట్రూప్ ద్వారానే తీసుకోవాలి, షాపులో కొని కుట్టించొద్దు. పెద్ద పిల్లలకి పొట్టయిన యూనిఫాంలు మా దగ్గర ఎప్పుడూ నాలుగైదు ఉంటాయి. ఇలాంటివి ప్రతి ట్రూప్‌లోనూ దొరుకుతాయి, మొహమాటపడకుండా అడగండి.

క్యాంపు దగ్గరికొస్తే అమ్మలకి భయం. న్యాయమైన భయమే. వెంట ఎందరు పెద్దవాళ్లు వస్తున్నారు, రాత్రి ఎక్కడ పడుకుంటారు, పిల్లాడికి పడని మందులు, తిండి ఎవరు రాసుకున్నారు, నీళ్లలో దిగే కార్యక్రమం ఉందా, ఇవన్నీ అడగండి. కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లలకి నీళ్లంటే భయం తక్కువ, అందుకే ఆఖరిది గట్టిగా అడగండి. సరైన ట్రూప్ విసుక్కోదు. సంతకం పెట్టే కాగితం ఇచ్చి, ఫోన్ నెంబరు తీసుకుని, అడిగినవన్నీ చెప్తుంది. పాప గైడ్స్‌లోకి, అంటే ఆడపిల్లల విభాగంలోకి, వెళ్లేనాటికి ఆ యూనిట్ నడిపేది ఆడవాళ్లే అయ్యుండాలి. ఆవిణ్ని గైడ్ కెప్టెన్ అంటారు. ఆవిడ లేకుండా ఆడపిల్లల్ని క్యాంపుకి తీసుకెళ్తామంటే వద్దనండి.

బ్యాగు మాత్రం మీరు సర్దకండి. కొండపల్లి దగ్గర ఓ క్యాంపులో కరెంటు పోయింది. వాళ్లమ్మ ముచ్చటగా సర్ది పంపిన బ్యాగు ముందు కూర్చుని ఓ పిల్లాడు చీకట్లో ఒక్కో కవరూ విప్పుతున్నాడు. టార్చి అందులోనే ఉంది, ఎక్కడుందో వాడికి తెలీదు. పక్కవాడు పాత స్కూలు సంచీలోకి చెయ్యి పెట్టి క్షణంలో తీశాడు, వాడిది వాడే సర్దుకున్నాడు మరి. ఆ క్యాంపులోనే ఓ పెట్రోల్ వాళ్లు ఇటుకల పొయ్యి మీద వండిన టమాటా పప్పు అడుగంటింది. ఆవకాయ కలుపుకుని మొత్తం తినేశారు. ఇంట్లో అదే పప్పు పెడితే కంచం తోసేసేవాళ్లే వీళ్లు. మొదటి రాత్రి కొందరు ఏడుస్తారు. ఫోన్ చేసి "వచ్చేస్తాను" అంటే వెంటనే కారేసుకుని బయల్దేరకండి, పొద్దున్న మాట్లాడదామని చెప్పండి. పొద్దున్నకి వాడికే గుర్తుండదు.

చదువు విషయం. మన ఊళ్లో ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్, ఆదివారం టెస్టు. ఆ టెస్టుల బడైతే స్కౌట్స్ కుదరదు, సూటిగా చెప్తున్నాను. నెలకి రెండు ఆదివారాలైనా ఖాళీ లేకపోతే పెట్రోల్‌లో వాడి జాగా ఖాళీగానే ఉంటుంది, మిగతా పిల్లలకి అది ఇబ్బంది. ఖాళీ ఉంటే మాత్రం చదువు దెబ్బతినడం నేను చూడలేదు.

సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లూ ఉంటారు. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ కోటా ఉన్నమాట నిజమే. కానీ ప్రవేశ్, ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు అనే మెట్లు, రాజ్య పురస్కార్ దాటి రాష్ట్రపతి అవార్డు దాకా వెళ్లాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య నెలల గడువుంటుంది. తొమ్మిదో తరగతిలో హడావిడిగా చేర్చి పదిలోపు అన్నీ ఇప్పించమంటే అయ్యే పని కాదు. మీవాడు ఆరులో ఉన్నాడు, వయసు సరిగ్గా సరిపోయింది. పదేళ్లు నిండితే చాలు. పాపలాంటి చిన్న ఆడపిల్లలకి బుల్‌బుల్ అనే విభాగం, మగపిల్లలకి కబ్. దగ్గర్లో బుల్‌బుల్ యూనిట్ లేకపోతే బెంగపడొద్దు, పదేళ్లొచ్చాక నేరుగా గైడ్స్‌లో చేర్చొచ్చు. ఎన్‌సీసీతో కలిపి అడుగుతుంటారు కొందరు. అది రక్షణ శాఖది, మామూలుగా ఎనిమిది నుంచి మొదలవుతుంది, దాని దారి వేరు.

మతం గురించి మీరు అడగలేదు కానీ చాలామంది మనసులో పెట్టుకుని అడగరు. ప్రమాణంలో దైవం అన్న మాట బదులు ధర్మం అని చెప్పుకునే వీలుంది. మా పెట్రోల్స్‌లో అన్ని ఇళ్ల పిల్లలూ ఉన్నారు.

మీరు కూడా రావచ్చా అంటే, తప్పకుండా రావచ్చు, పెద్దవాళ్ల కొరత లేని ట్రూప్ లేదు. ముందు బాబు కుదురుకోనివ్వండి, తర్వాత పెద్దవాళ్లకి శిక్షణ ఇచ్చే బేసిక్ కోర్సుకి వెళ్లండి. ఈ ఆదివారానికి మాత్రం కాన్వాస్ బూట్లు, నీళ్ల సీసా, టోపీ, రెండు మీటర్ల నూలు తాడు ఇచ్చి పంపండి. తాడు వన్‌టౌన్‌లో దొరుకుతుంది. నైలాన్ వద్దు, అది జారిపోతుంది, కొత్త చేతులకి ముడి నిలవదు.