2.30 లక్షల కిలోమీటర్లు తిరిగిన పికప్ కొనవచ్చా?

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. ఒక కూరగాయల వ్యాపారి దగ్గర నెలకు 16,000 రూపాయల జీతానికి బండి తోలుతున్నాను. చిత్తూరులో ఒకరు 2018 మోడల్ బొలెరో పికప్ అమ్ముతున్నారు. 2,30,000 కిలోమీటర్లు తిరిగింది, ధర 4,50,000 చెబుతున్నారు. నా దగ్గర 2,00,000 ఉంది. అందులో 1,50,000 కట్టి, మిగతా 3,00,000 మూడేళ్లకు ఫైనాన్స్ తీసుకుందామనుకుంటున్నాను. బ్రోకరు రూపాయి వడ్డీకి ఇప్పిస్తానన్నాడు, నెలకు 11,333 కట్టాలి. ఏడాదిలో ఎనిమిది నెలలు నెలకు 60,000 దాకా బాడుగ వస్తుంది, మిగతా నాలుగు నెలలు అందులో సగమే. నా భార్యకు అయిదు సవర్ల బంగారం ఉంది. ఇంత తిరిగిన బండి కొనవచ్చా?

జవాబు: బండి తిరిగిన కిలోమీటర్లను చూసి మీరు వెనకడుగు వేయనవసరం లేదు. అయితే ఈ ధరకు, ఈ అప్పుతో మాత్రం దీన్ని కొనవద్దని నా స్పష్టమైన సలహా. పాత బండి కొన్నవారిని ఎక్కువగా దెబ్బతీసేది మీటరులోని అంకె కాదు, చేతిలో ఉన్న డబ్బంతా ధరకే పోసి, కొన్న తర్వాత వచ్చే మరమ్మతులకు రూపాయి మిగలకపోవడం. మీ లెక్కలో జరగబోతున్నది అదే.

ముందు కిలోమీటర్ల సంగతి చూద్దాం. ఎనిమిదేళ్లలో 2,30,000 అంటే రోజుకు సగటున 80 కిలోమీటర్లు. బాడుగకు తిరిగే పికప్‌కు ఇది సహజమైన అంకె. ఇదే వయసు బండి 90,000 మాత్రమే చూపిస్తే నేను ఎక్కువగా అనుమానించేవాణ్ణి. ఎంత తిరిగిందనేదాని కంటే ఏం మోసిందనేది ముఖ్యం. కూరగాయలు, పాల క్యాన్లు మోసిన బండి 2,00,000 దాటినా గట్టిగా ఉండవచ్చు. గ్రానైటు రాయి, ఇసుక, ఇటుకలు మోసిన బండి అందులో సగానికే చాసిస్ (బండి అడుగు చట్రం) దెబ్బతిని ఉండవచ్చు. అందువల్ల తొట్టి కింద వంగి, కమాను కట్టలు (స్ప్రింగు పట్టీలు) చాసిస్‌కు బిగించిన చోట్ల పగుళ్లు గానీ, వెల్డింగ్ చేసి పైన రంగు పూసిన అతుకులు గానీ ఉన్నాయేమో చూడండి. ఇంజిను పాడైతే డబ్బు పెట్టి బాగు చేయించుకోవచ్చు. చాసిస్ విరిగిన బండిని మాత్రం ఎంత తక్కువకు వచ్చినా వదిలేయడమే మేలు.

ఇంజినును ఉదయం పూట, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బండి వేడెక్కి ఉంటే మరో రోజు వస్తానని చెప్పి తిరిగి రండి. ఇంజిను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు పొగ దట్టంగా ఎగదన్నుతూ ఉంటే, లేదా సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తుంటే, రింగులు, బోరు అరిగాయని అర్థం. డ్రైవరుగా మీకు ఇవి తెలిసే ఉంటాయి, అయినా సొంతానికి కొనేటప్పుడు ఆశ కళ్లకు అడ్డం పడుతుంది కాబట్టి చెబుతున్నాను. భాకరాపేట ఘాట్ మీకు దగ్గరే కనుక, అమ్మేవారు ఒప్పుకుంటే కొంత బరువు వేసి అక్కడ ఎక్కించి దించండి. ఎక్కేటప్పుడు వేడి ముల్లు, క్లచ్ జారడం, దిగేటప్పుడు బ్రేకులు, మూడూ ఒక్క గంటలో తేలిపోతాయి. ఆ తర్వాత తిరుపతి ఆటోనగర్‌లో మీకు తెలిసిన మెకానిక్‌కు మీ డబ్బుతోనే కూలి ఇచ్చి చూపించండి. బ్రోకరు తీసుకొచ్చే మెకానిక్ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. చాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగితే, అక్కడ సర్వీసు చేయించి ఉన్నంతవరకు ఏ తేదీన మీటరు ఎంత ఉందో తెలుస్తుంది. మీటరు వెనక్కి తిప్పారా లేదా అన్నది దానితో బయటపడుతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. మంచి నెలలో 60,000 రావాలంటే బండి సుమారు 3,000 కిలోమీటర్లు తిరగాలని అనుకుందాం. లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ లీటరు వంద రూపాయలకు కాస్త అటూ ఇటూ అనుకుంటే డీజిల్‌కే 25,000 పోతుంది. టైర్లు, ఆయిలు, చిన్నాపెద్దా మరమ్మతులకు కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున 6,000 పక్కన పెట్టాలి. ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ట్యాక్సులకు నెలకు 3,000 వేసుకోండి. ఇది ఎక్కువ వేసిన అంకె కాదు: 7,500 కిలోల లోపు సరుకు బండ్లకు థర్డ్ పార్టీ (ఎదుటివారికి జరిగే నష్టానికి బీమా) ప్రీమియమే 2022లో నిర్ణయించిన రేటు ప్రకారం ఏడాదికి 16,049 రూపాయలు, దానిపై జీఎస్టీ, సొంత నష్టం పాలసీ అదనం. ఇవన్నీ పోను 26,000 మిగులుతుంది. అందులో 11,333 కిస్తీ కడితే ఇంటికి వచ్చేది 14,667. బాగా నడిచిన నెలలో కూడా ఇది మీరు ఇప్పుడు తీసుకుంటున్న జీతం కంటే తక్కువ. బాడుగ సగానికి పడిపోయిన నెలలో 1,500 కిలోమీటర్లకు డీజిల్ 12,500, మరమ్మతుల నిధి 3,000, ఇన్సూరెన్సు వాటా 3,000, కిస్తీ 11,333 పోగా మిగిలేది 167 రూపాయలు. మీరు చెప్పిన ఎనిమిది నెలలు, నాలుగు నెలలు కలిపి సగటు తీస్తే నెలకు 10,000 కూడా నిండదు. మూడేళ్లపాటు మీ ఇల్లు దీనితో నడవగలదా అని మీ భార్యతో కూర్చుని మాట్లాడండి.

ఎనిమిది మంచి నెలలు అన్న మీ అంచనా మీద కూడా నాకు కొంత సందేహం ఉంది. మన ప్రాంతంలో కూరగాయల బాడుగ పంట మీద మాత్రమే ఆధారపడదు, పంట ధర మీద కూడా ఆధారపడుతుంది. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర కోత కూలికీ, బండి బాడుగకూ సరిపోనంతగా పడిపోతే రైతు కాయను తోటలోనే వదిలేస్తాడు. దిగుబడి విరగకాసిన ఏడాదిలోనే బండికి పని లేకపోవడం ఇలా జరుగుతుంది. దామలచెరువు, బంగారుపాళెం మామిడి మండీల పని దండిగా ఉంటుంది గానీ అది వేసవిలోని కొద్ది నెలలతో సరి. కిస్తీని మామిడి సీజను రాబడితో కొలవకూడదు, టమాటా ధర లేని నెల రాబడితో కొలవాలి.

రూపాయి వడ్డీ అన్న మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ లెక్కను తలకిందులు చేసింది అదే. నూటికి నెలకు రూపాయి చొప్పున 3,00,000 మీద మూడేళ్లకు 1,08,000 వడ్డీ వేసి, మొత్తం 4,08,000ను 36తో భాగిస్తే 11,333 వచ్చింది. మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉన్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న 3,00,000 మీదే కట్టించుకుంటున్నారు. చివరి ఆరు కిస్తీలు మిగిలేనాటికి మీరు నిజంగా బాకీ ఉండే అసలు 64,000 దగ్గర ఉంటుంది, అప్పుడు కూడా నెలకు 3,000 వడ్డీయే. తగ్గుతున్న అసలు మీద లెక్కగడితే ఇది రూపాయి డెబ్భై ఏడు పైసల వడ్డీ, అంటే ఏడాదికి 21 శాతం పైమాటే. ఎవరి దగ్గర అప్పు తీసుకున్నా, తగ్గే అసలు మీద వడ్డీ ఎంత, డాక్యుమెంట్ల ఖర్చు ఎంత, ముందే తీర్చేస్తే ఎంత కట్టాలి అన్న మూడు అంకెలను కాగితం మీద రాయించుకోండి.

నేను మీకు సూచించే ఏర్పాటు ఇది. మీ 2,00,000లో 75,000ను బండి ధర జోలికి పోనివ్వకుండా బ్యాంకులో విడిగా ఉంచండి. కొన్న మొదటి ఆరు నెలల్లో వచ్చే క్లచ్, బ్యాటరీ, టైర్లు, నాజిళ్ల పనులకు అది కావాలి. మిగిలిన 1,25,000కు అప్పు 1,50,000 మించకుండా కలపండి. బ్యాంకులో బంగారం మీద అప్పు మీకు చెప్పిన 21 శాతం కంటే చాలా తక్కువ వడ్డీకి దొరుకుతుంది. అయిదు సవర్లలో కొంత పెడితేనే ఈ మొత్తం వస్తుంది గానీ, ఆ నిర్ణయం పూర్తిగా మీ భార్యది. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే పెట్టండి, పెట్టాక ఏడాది చివర చూద్దామనుకోకుండా ప్రతి నెలా అసలులో కొంత కట్టండి. బంగారం ముట్టకూడదనుకుంటే బ్యాంకులో ముద్రా రుణం అడగవచ్చు. 50,000 దాటి 5,00,000 వరకు కిశోర్ విభాగం కింద వస్తుంది, తాకట్టు అడగరు. పాత బండికి ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం బ్రాంచిని బట్టి ఉంటుంది. తగ్గే అసలు మీద 12 శాతం వడ్డీ పడినా 1,50,000కు మూడేళ్ల కిస్తీ దాదాపు 5,000. అప్పుడు మీ మంచి నెలలో 21,000, తక్కువ నెలలో 6,500 మిగులుతాయి, సగటు 16,000 దాటుతుంది. అంటే జీతానికి సమానమైన రాబడితో మూడేళ్లు గడిచి, ఆ తర్వాత బండి అప్పు లేకుండా మీదవుతుంది.

దీని ప్రకారం మీ కొనుగోలు ధర 2,75,000 దాటకూడదు. చిత్తూరు బండి అంతకు రాదు. కనుక ఇంకా పాత మోడలు, ఇంకా ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన పికప్‌ను వెతకమని చెప్పడానికి నేను సంకోచించడం లేదు, చాసిస్ గట్టిగా ఉండి, ఇంజిను పని చేయించిన బిల్లులు ఉంటే చాలు. టాటా ఏస్ లాంటి చిన్న బండి ఇంకా తక్కువకు వస్తుంది గానీ, అది మోసే 750 కిలోలు అంటే 25 కిలోల టమాటా క్రేట్లు 30 మాత్రమే. మీ వ్యాపారికి అది చాలదనే అనుకుంటున్నాను. ఆశపడి ఎక్కువ వేస్తే ఓవర్‌లోడుకు చట్టంలో జరిమానా 20,000, అదనపు టన్నుకు మరో 2,000. ఇవేవీ కుదరకపోతే ఒక సీజను పాటు ఎవరి బండినైనా నెల బాడుగకు తీసుకుని సొంతంగా నడిపి చూడండి. ఎన్ని నెలలు నిజంగా 60,000 వస్తుందో మీ పుస్తకంలోనే తేలుతుంది.

కాగితాల విషయంలో రాజీ పడవద్దు. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35, ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. ట్యాక్స్, హరిత పన్ను, చలాన్ల బకాయిలు లేవని చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఎఫ్‌సీ ఏటా చేయించాలి. ఆర్‌సీలో మొత్తం బరువు 3,000 కిలోలు దాటితే పర్మిట్ కూడా అవసరం, వేలూరుకో కోయంబేడుకో వెళ్లాలంటే తమిళనాడుకు చెల్లే పర్మిట్ ఉందో లేదో చూడాలి. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు ఇచ్చి, పేరు తర్వాత మార్చుకోండి అంటే ఒప్పుకోవద్దు. ఫారం 29, 30 నింపి 30 రోజుల్లో మీ పేరు మీదకు మార్పించుకోండి, ఇన్సూరెన్సు కంపెనీకి 14 రోజుల్లో తెలియజేయండి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే మీకు వస్తుంది గానీ, సొంత నష్టం పాలసీ మీ పేరుకు మారేదాకా మీకు ప్రమాదం జరిగితే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. యజమానే డ్రైవరు కాబట్టి 15,00,000 రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీలో ఉందో లేదో చూడండి. మీ కుటుంబానికి ఆ కాగితం బండి కంటే విలువైనది. మీకు ఎల్‌ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు ఉంటే చాలు, 7,500 కిలోల లోపు రవాణా బండి దానితో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

ఏ బండి నచ్చినా అడ్వాన్సు 5,000 మించి ఇవ్వకండి. అడ్వాన్సు రసీదు పైనే, మీ మెకానిక్ చాసిస్‌లో లోపం చూపినా, ఫైనాన్స్ ఎన్‌ఓసీ పదిహేను రోజుల్లో రాకపోయినా డబ్బు తిరిగి ఇవ్వాలని రాయించి అమ్మేవారి సంతకం తీసుకోండి. ఆ మాట రాయడానికి వెనకాడేవారి దగ్గర బేరం అక్కడితో ఆపేయండి.