మిలటరీ కుట్రతో గద్దెనెక్కి, తనంతట తాను దిగిపోయిన అధ్యక్షుడు ఆఫ్రికాలో ఎవరైనా ఉన్నారా?

ఉన్నారండీ. ఘనాలో జెర్రీ జాన్ రాలింగ్స్. అదీ ఒకసారి కాదు, రెండుసార్లు దిగారు. కాకపోతే మొదటిసారి దిగింది నేను లెక్కలోకి తీసుకోను. ఎందుకో చెప్తాను.

ముందు ఒక మాట. ఈ ప్రశ్న వెనకాల ఉన్న అసలు కోరిక ఏంటో నాకు తెలుసు. నేను ఘనాలోని టెమా ఓడరేవు ఊళ్లో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. అక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవడో ఒకడు ఎప్పుడూ ఇదే పెట్టేవాడు: "మనకీ ఒక రాలింగ్స్ రావాలి, తిన్నవాళ్లని వరసగా నిలబెట్టి కాల్చిపారెయ్యాలి." దానికి కింద ముప్పై దణ్ణాల బొమ్మలు. ఇలా రాసేవాళ్లలో ఒక్కడైనా అక్రాలోని మకోలా బజారు ఆడవాళ్లతో మాట్లాడి ఉండడని నేను బల్లగుద్ది చెప్తాను.

రాలింగ్స్ పోయింది 2020 నవంబర్ 12న, అక్రాలోని కోర్లె బు ఆసుపత్రిలో. మధ్యాహ్నం క్యాంటీన్లో ఉండగా రేడియోలో చెప్పారు. ఎన్నికలకి నెల కూడా లేదు, రెండు పెద్ద పార్టీలూ ప్రచారం ఆపేశాయి. మా డ్రైవర్ పెద్దాయన కేటా వైపు ఎవే తెగ మనిషి. రాలింగ్స్ తల్లిదీ ఆ పక్క ఊరే. తండ్రి స్కాట్లాండ్ నుంచి వచ్చిన కెమిస్టు, కొడుకుని బాహాటంగా ఒప్పుకోలేదు. పెద్దాయన అన్నం ప్లేటు పక్కకి తోసి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. కాసేపయ్యాక 1983 సంగతి ఎత్తాడు. వానల్లేవు, అడవులు తగలబడి కోకో తోటలు బూడిదయ్యాయి. అది చాలదన్నట్టు నైజీరియా తరిమేసిన ఘనా జనం పది లక్షలమంది దాకా ఒక్కసారిగా వచ్చి పడ్డారు. తినడానికి తిండి లేదు. ఆయన చొక్కా పై బొత్తాం తీసి, మెడ కింద ఎముక మీద వేలు ఈ చివర నుంచి ఆ చివరికి రాసి చూపించాడు. ఆ ఏడాది ఊరందరికీ అక్కడ ఎముకలు తేలాయట. దానికి జనం పెట్టుకున్న పేరు "రాలింగ్స్ చైన్". ఆ గొలుసు వేసుకున్న మనిషే ఆయన కోసం ఏడుస్తున్నాడు!

ఎదురుగా అకౌంట్స్‌లో పనిచేసే ఆవిడ మాత్రం కెంకే ముద్ద షిటోలో అద్దుకుంటూ తినడం ఆపలేదు. వాళ్ల అమ్మమ్మ మకోలాలో బట్టల వ్యాపారి. 1979 ఆగస్టులో, రాలింగ్స్ మొదటిసారి గద్దె మీదున్నప్పుడు, సైనికులు ఆ బజారుని నేలమట్టం చేశారు. సరుకు దాచి ధరలు పెంచుతున్నారని ఆడవాళ్లని కొరడాలతో కొట్టారు, సరుకు లాక్కుని సర్కారు రేటుకి రోడ్డు మీద అమ్మేశారు. పెద్దాయన ఊరుకోలేదు. "మరి అంతకుముందు ఏలిన ఆ జనరల్స్ దేశాన్ని దోచుకోలేదా?" అన్నాడు. ఆవిడ తలెత్తకుండానే అంది: "జనరల్ బంగళా కూల్చారా? మా అమ్మమ్మ కొట్టు కూల్చారు."

క్యాంటీన్లో ఇంకెవరూ నోరెత్తలేదు. నా ఓటు ఆవిడకే.

1979 కథ మనవాళ్లకి సినిమాలా ఉంటుంది, నిజమే. రాలింగ్స్ అప్పటికి ముప్పై రెండేళ్లు నిండని ఫ్లైట్ లెఫ్టినెంట్, అంటే వైమానిక దళంలో చిన్న అధికారి. మే 15న తిరుగుబాటు చేసి దొరికిపోయాడు. కోర్టు మార్షల్‌లో, అంటే సైనిక విచారణలో, నావాళ్లని వదిలెయ్యండి, బాధ్యత నాది అన్నాడు. జూన్ 4న కింది ర్యాంకు సైనికులు విడిపించి గద్దె మీద కూర్చోబెట్టారు. అదే నెలలో టెషీ ఫైరింగ్ రేంజిలో ఎనిమిది మంది పెద్ద అధికారులని కాల్చేశారు. అందులో ముగ్గురు మాజీ దేశాధినేతలు: అచియాంపాంగ్, అఫ్రిఫా, అకుఫో. సెప్టెంబర్ 24న ఎన్నికల్లో గెలిచిన హిల్లా లిమాన్‌కి పగ్గాలిచ్చి బారక్స్‌కి వెళ్లారు. 1981 డిసెంబర్ 31న మళ్లీ వచ్చి అదే లిమాన్‌ని దించేశారు. అందుకే మొదటిది లెక్కలోకి రాదన్నాను. ఆరు నెలల తర్వాత ముగ్గురు జడ్జీలనీ ఒక రిటైర్డ్ మేజర్‌నీ ఎత్తుకెళ్లి చంపేశారు. కాల్పులతో అవినీతి పోతే ఘనాలో ఇవాళ లంచమనే మాటే ఉండకూడదు. పోర్టులో కంటైనర్ విడిపించుకున్నవాణ్ణి, నాకు చెప్పకండి.

ఇంకో తమాషా. ఆయన్ని కామ్రేడ్ అనేవాళ్లు మన దగ్గర ఉన్నారు. విప్లవమని వచ్చినాయన 1983లోనే అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) గుమ్మం తొక్కారు. ఉద్యోగాలు పీకారు, కరెన్సీ విలువ దించారు. దేశం నిలదొక్కుకుంది కూడా, కాదనను.

సరే, రెండోసారి దిగడం. 1992లో కొత్త రాజ్యాంగం, అధ్యక్షుడికి రెండు విడతలే. కుట్రలు చేసినవాళ్ల మీద కేసులు పెట్టకూడదని అందులోనే ముందుజాగ్రత్తగా రాయించుకున్నారు. 1992, 1996 రెండూ గెలిచారు. 2000 చివర్లో ఆయన నిలబెట్టిన అటా మిల్స్ రెండో రౌండులో ప్రతిపక్షం మనిషి కుఫూర్ చేతిలో ఓడిపోయారు. త్యాగం అంటారు గానీ, నా లెక్క ప్రకారం తన మనిషే గెలుస్తాడనుకున్నారు. ఓడాక కూడా, సైన్యం తన మాట వినే రోజుల్లోనే, 2001 జనవరి 7న ప్రత్యర్థికి అధికారం అప్పజెప్పారు. పంతొమ్మిదేళ్ల తర్వాత! డ్రైవర్ పెద్దాయన కన్నీళ్లకి నేను విలువిచ్చేది ఇక్కడ. దిగాక ఊరుకోలేదు, మైకు దొరికితే చాలు సొంత పార్టీనీ ఉతికేవారు. 2011లో ఆయన భార్య నానా కొనాడు పార్టీ టికెట్ కోసం మిల్స్ మీదే పోటీ చేస్తే మూడు శాతం ఓట్లొచ్చాయి. ఆయన స్థాపించిన పార్టీలోనే! అయినా బారక్స్ వైపు మాత్రం తిరిగి చూడలేదు.

బుర్కినా ఫాసోని ఏలిన సంకారా పేరు చెప్తారు చాలామంది. 1983లో వచ్చాడు, 1987లో చంపేశారు. దిగాల్సిన రోజు ఆయనకి రానే లేదు, కాబట్టి ఈ ప్రశ్నకి పనికిరాడు. బెనిన్ దేశపు కెరెకూ పనికొస్తాడు: 1972లో కుట్రతో వచ్చి, 1991లో ఓడిపోయి దిగి, 1996లో ఓట్లతోనే మళ్లీ వచ్చాడు. ఆయన గురించి మన గ్రూపుల్లో ఎవడూ దణ్ణాల బొమ్మలు పెట్టడు. మాజీ దేశాధినేతల్ని గోడకి నిలబెట్టి కాల్చలేదు మరి.