పెద్ద కాలిపర్లకు ఏ మాస్టర్ సిలిండర్?

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. ఉద్యోగం వల్ల బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాను. ఏబీఎస్ లేని పాత హ్యాచ్‌బ్యాక్ కారు నాది. నంది కొండ దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతున్నాయని, జె.సి. రోడ్డులో నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి చక్రాన్ని ఆపే భాగాలు) కొని ముందు చక్రాలకు వేయించాను. పాత కాలిపర్లో 48 మి.మీ. పిస్టన్ ఒక్కటే ఉండేది. కొత్తదానిలో 38 మి.మీ. పిస్టన్లు నాలుగు, అటు రెండు, ఇటు రెండు ఉన్నాయి. డిస్కులు పాతవే, వెనక డ్రమ్ములే. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ మీద 13/16 (అంగుళం) అని ఉంది. ఇదివరకు పెడల్ 4 సెం.మీ. దిగగానే బ్రేకు పట్టేది, ఇప్పుడు 8 సెం.మీ. దిగితే గానీ పట్టడం లేదు. వెంటనే రెండోసారి తొక్కితే మాత్రం పైనే పడుతోంది. పిస్టన్లు నాలుగయ్యాయి కాబట్టి 1 అంగుళం మాస్టర్ సిలిండర్ వేయాల్సిందేనని మెకానిక్ అంటున్నారు. వేయించమంటారా?

జవాబు: వేయించవద్దు. కనీసం ఇప్పుడే వేయించవద్దు. కొలతలన్నీ రాసి పంపినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. చాలామంది ‘పెడల్ మెత్తగా ఉంది, ఏం చేయాలి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు.

మీ మెకానిక్ పొరపాటు పిస్టన్లను లెక్కపెట్టడంలో ఉంది. పాత కాలిపర్ జరిగే రకం: లోపలి వైపున్న ఒకే పిస్టన్ తన ప్యాడ్‌ను డిస్కు మీదికి తోస్తే, ఆ తోపుకు ఎదురుగా కాలిపర్ మొత్తం వెనక్కి జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. అంటే ఒక్క పిస్టనే రెండు ప్యాడ్ల పని చేస్తుంది, రెండు వైపుల సందునూ తానే పూడుస్తుంది. కొత్త కాలిపర్ కదలకుండా బిగించిన రకం కాబట్టి ఏ వైపు పిస్టన్లు ఆ వైపు ప్యాడ్‌నే తోస్తాయి, ఆ వైపు సందునే పూడుస్తాయి. అందువల్ల ఈ రెండు రకాలను పోల్చేటప్పుడు, బలం లెక్కకైనా ఆయిల్ లెక్కకైనా, బిగింపు కాలిపర్లో ఒక వైపు పిస్టన్ల వైశాల్యాన్నే తీసుకోవాలి. 48 మి.మీ. పిస్టన్ వైశాల్యం సుమారు 1,810 చదరపు మి.మీ.; 38 మి.మీ. పిస్టన్లు రెండింటిది కలిపి సుమారు 2,268. పెరిగింది 25 శాతం మాత్రమే. నాలుగింటినీ కూడితే 4,536 వచ్చి, రెండున్నర రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. 1 అంగుళం ఆలోచన అక్కడినుంచే పుట్టి ఉంటుంది.

ఇప్పుడు మాస్టర్ సిలిండర్ సంగతి చూద్దాం. బోరు, అంటే సిలిండర్ లోపలి రంధ్రం, వ్యాసాలు చూడడానికి దగ్గరదగ్గరగా ఉన్నా, పని చేసేది వైశాల్యం. అది వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 13/16 అంగుళం బోరు వైశాల్యం సుమారు 334 చదరపు మి.మీ., 7/8ది 388, 15/16ది 445, 1 అంగుళానిది 507. కాలిపర్ వైశాల్యాన్ని ఈ అంకెతో భాగిస్తే బ్రేకుల నిష్పత్తి వస్తుంది. మీ కారుకు కంపెనీ ఇచ్చినది 5.4. కాలిపర్లు మార్చి మాస్టర్‌ను ముట్టకపోతే అది 6.8 అవుతుంది, 7/8 వేస్తే 5.85, 15/16 వేస్తే 5.1, 1 అంగుళం వేస్తే 4.5. నిష్పత్తి పెరిగితే పాదం తేలికపడుతుంది, పెడల్ దూరం పెరుగుతుంది. తగ్గితే దూరం తగ్గి పాదం బరువెక్కుతుంది. ఏతం బుంగను పైకి ఎక్కువ ఎత్తాలంటే తొక్కేవాడు ఎక్కువ బరువు వేయాల్సి వచ్చినట్టే ఇదీను. పెడల్ దూరాన్నీ పాదం బరువునూ ఒకేసారి తగ్గించే సిలిండర్ ఏ దుకాణంలోనూ దొరకదు.

ఆయిల్ అవసరం 25 శాతం పెరిగింది ముందు చక్రాలకే, వెనక డ్రమ్ములకు కాదు. పెరిగినదంతా పెడల్ మీదే పడిందనుకున్నా, 4 సెం.మీ. దగ్గర పట్టే బ్రేకు 5 సెం.మీ. లోపే పట్టాలి. మీది 8 దాకా వెళ్తోంది. మిగిలిన 3 సెం.మీ. కాలిపర్ల సైజు వల్ల వచ్చినవి కావు, వేరే లోపం వల్ల వచ్చినవి. ఆ లోపాన్ని పెద్ద మాస్టర్ సిలిండర్ కింద దాచిపెడితే అది పోదు, కనపడకుండా మాత్రం పోతుంది.

రెండోసారి తొక్కితే పెడల్ పైన పడుతోందన్న మీ మాటలోనే చాలా సమాచారం ఉంది. పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకున్నప్పుడు అది మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ లోపలి సీల్ కప్పులు ఆయిల్‌ను వెనక్కి వదులుతున్నాయని అర్థం. తొక్కుతుంటే స్పాంజిలా అణిగితే గొట్టాల్లో గాలి ఉంది. అలా కాకుండా రెండోసారికి గట్టిగా పైన నిలబడితే ఎక్కడో సందు ఎక్కువై, మొదటి తొక్కుడులోని ఆయిల్ అంతా ఆ సందు పూడ్చడానికే ఖర్చవుతోందని అర్థం. ఆ సందు ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో ఉంటుంది, డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే షూలను ఎంతో కాలంగా దగ్గరికి జరపకపోవడం వల్ల. కొత్త కాలిపర్ డిస్కుకు సరిగ్గా నడిమిన లేకపోయినా, డిస్కు వంకరగా తిరుగుతూ పిస్టన్లను వెనక్కి నెడుతున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది. మొదట వెనక డ్రమ్ములు విప్పించి షూలను సర్దించండి. దీనికి అయ్యే ఖర్చు పనివాడి కూలి మాత్రమే.

తరువాత కాలిపర్ల గాలి తీసే నిప్పుళ్లు ఎటు ఉన్నాయో మీ కళ్లతో మీరే చూడండి. అవి పైకి ఉండాలి. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకు వేసినా బోల్టులు చక్కగా పడతాయి, కానీ నిప్పుల్ కిందికి వచ్చి, గాలి బుడగ పైభాగంలో చిక్కుకుని ఎంత ఆయిల్ పోసినా బయటికి రాదు. ఈ పనిలో ఇన్నేళ్లు గడిపిన నేనే ఒకసారి ఇలా తారుమారుగా బిగించి, మధ్యాహ్నం దాకా గాలి తీస్తూ కూర్చుని, చివరికి టీ తెచ్చిన కుర్రాడు ‘రెండు వైపులా ఒకేలా లేవేంటన్నా’ అంటే గానీ గమనించలేదు. నాలుగు పిస్టన్ల కాలిపర్లలో చాలావాటికి లోపలి సగానికి ఒకటి, బయటి సగానికి ఒకటి నిప్పుళ్లు ఉంటాయి. రెండింటి నుంచీ గాలి తీయాలి.

ఇవన్నీ సరిచేశాక పెడల్ 5 సెం.మీ. దగ్గర నిలబడి, ఆ దూరం మీకు ఇంకా ఎక్కువనిపిస్తే 7/8 వేయించండి. 15/16 వరకు వెళ్లడం నా దృష్టిలో అనవసరం. ఎందుకంటే మాస్టర్ సిలిండర్ ముందు కాలిపర్లకే కాదు, వెనక డ్రమ్ములకూ ఒత్తిడి పంపుతుంది. బోరు పెరిగితే, అదే బలంతో తొక్కినప్పుడు వెనక్కి వెళ్లే ఒత్తిడి 7/8తో 14 శాతం, 1 అంగుళంతో 34 శాతం తగ్గుతుంది. వెనక డ్రమ్ములు మార్చలేదు కాబట్టి వాటి పని అంత మేరకు పడిపోతుంది, భారమంతా ముందు చక్రాల మీదే పడి ఆగే దూరం పెరుగుతుంది. అలాగని 13/16నే ఉంచుకుని పెడల్ బాగా దిగిపోతున్నా సర్దుకుపోవడమూ మంచిది కాదు: మాస్టర్‌లో రెండు గదులుంటాయి, ఒక గొట్టం పగిలితే ఆ గది పిస్టన్ ఖాళీగా చివరికంటా వెళ్లి తగిలిన తరువాతే రెండో గది కారును ఆపుతుంది. అప్పుడు ఆపడానికి చాలినంత దూరం పెడల్ కింద మిగిలి ఉండాలి.

కొత్త మాస్టర్ కొనేటప్పుడు బోరు ఒక్కటే చూడకండి. బూస్టర్ (పాదం బలాన్ని పెంచే డబ్బా) మీద కూర్చునే బోల్టుల దూరం, గొట్టాల మరలు, వెనక పుష్‌రాడ్ (మాస్టర్ పిస్టన్‌ను తోసే కడ్డీ) దూరే లోతు మీ పాతదానితో కలవాలి. మర దాదాపుగా సరిపోతోంది కదా అని బలవంతంగా బిగించిన గొట్టం దుకాణంలో కారదు, ఘాట్ రోడ్డు మీద కారుతుంది.

ఇక మీ అసలు బాధ నంది కొండ మీద వేడెక్కడం. దానికి కాలిపర్ సైజు పెద్దగా సాయం చేయదు. వేడిని మింగేది డిస్కు, తట్టుకోవలసినవి ప్యాడ్లు, బ్రేకు ఆయిల్. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చి, దిగేటప్పుడు రెండో గేరులో దిగి ఉంటే మీకు ఈ కాలిపర్ల ఖర్చే తప్పేదేమో. ఇంకొక మాట: మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వాహనంలో మార్పులకు పరిమితులు పెడుతుంది, కాబట్టి బీమా కంపెనీకి ఈ మార్పు సంగతి ముందుగానే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మా పాత కారుకు 3/4 అంగుళం మాస్టర్ పోతే, దుకాణంలో 1 అంగుళంది ఉందని అదే వేశారు. ‘పెద్దది కదా, బ్రేకు ఇంకా బలంగా పడుతుంది’ అన్నారు. కాలిపర్లు మార్చలేదు. ఇప్పుడు పెడల్ రాయిలా ఉంది. మా అమ్మాయి కొత్తగా నడపడం నేర్చుకుంటోంది. తన కాలికి కారు ఆగడం లేదు. (బాణసవాడి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఆ కారును అమ్మాయి చేతికి ఇవ్వకండి, మీరూ నడపకండి. 3/4 బోరు వైశాల్యం 285 చదరపు మి.మీ., 1 అంగుళానిది 507. అదే బలంతో తొక్కితే ఇప్పుడు పుట్టే ఒత్తిడి పాతదానిలో 56 శాతమే. మునుపటిలా ఆగాలంటే పుష్‌రాడ్ మీద 1.78 రెట్ల బలం కావాలి. రాయిలాంటి పెడల్‌ను బలమైన బ్రేకు అనుకోవడం చాలామంది చేసే పొరపాటే. 3/4 తెప్పించి వేయించండి.

ప్రశ్న: మాస్టర్ సిలిండర్ మార్చాక, సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో పావుగంట నడిపేసరికి ముందు చక్రాలు పట్టేసుకుంటున్నాయి. చల్లారితే విడుస్తున్నాయి. కాలిపర్లు పాడయ్యాయా?

జవాబు: అలా అనుకునే ముందు ఒక పరీక్ష చేయించండి. కారును చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, అవి పట్టేసి ఉన్నప్పుడే బూస్టర్‌కు మాస్టర్‌ను బిగించిన నట్లు రెండూ కొద్దిగా వదులు చేయమనండి. చక్రాలు విడిస్తే పుష్‌రాడ్ పొడవైందని అర్థం: అది పిస్టన్‌ను కాస్త ముందుకే తోసి ఉంచడంతో, ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లే సన్నని రంధ్రం మూసుకుపోయి, వేడికి పెరిగిన ఆయిల్ పోయే దారి లేక ప్యాడ్లను నొక్కుతోంది. పుష్‌రాడ్‌కూ పిస్టన్‌కూ మధ్య కాస్త సందు ఉండేలా సర్దితే సరిపోతుంది. నట్లు వదిలినా విడవకపోతే మాస్టర్ దగ్గర గొట్టం నట్టు వదలాలి. అప్పుడు విడిస్తే లోపం మాస్టర్ లోపలే ఉంది. అప్పటికీ విడవక, కాలిపర్ నిప్పుల్ తెరిచాకే విడిస్తే రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది. దాన్నీ తెరిచినా చక్రం తిరగకపోతే అప్పుడు కాలిపర్‌ను విప్పించండి.