టెక్ సందేహాలు: వీడియో కాల్‌లో సీత ఎక్కడ దాక్కోవాలి?

సంక్రాంతి సెలవుల తరవాత వచ్చిన ప్రశ్నల్లో చాలా వరకు ఒకే ఆట గురించి. రాముడు, సీత, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, హనుమంతుడు అని చీటీల మీద రాసి, మడిచి, గుప్పిట్లో కలిపి చాప మీద విసిరే ఆట. కొన్ని ఇళ్లలో ఇదే రాజు, మంత్రి, దొంగ, పోలీసు అవుతుంది. ఆడనివాళ్ల కోసం రెండు మాటల్లో చెబుతాను. తలా ఒక చీటీ తీసుకుంటారు. రాముడు వచ్చినవాళ్లు బయటపడి, మిగిలినవాళ్ల ముఖాలు చూసి సీత ఎవరో పట్టుకోవాలి. పట్టుకుంటే రాముడికి వెయ్యి, సీతకు సున్నా. తప్పితే ఆ రెండూ తారుమారు. మిగతావాళ్లకు వాళ్ల చీటీ మీద ఉన్న అంకె ఎలాగూ వస్తుంది. ఇంత చిన్న ఆటను ఫోనులోకి తీసుకెళ్లేసరికి ఎన్ని చిక్కులు వస్తాయో మీ ఉత్తరాలు చదివాక తెలిసింది. అందుకే ఈ వారం మొత్తం దీనికే.

ప్రశ్న: మా అక్క డల్లాస్‌లో, తమ్ముడు హైదరాబాద్‌లో, మేము రాజమహేంద్రవరంలో ఉంటాం. ఆదివారాలు వీడియో కాల్‌లో ఆరుగురం చీటీల ఆట ఆడుతున్నాం. చీటీలు పంచేవాళ్లకు అందరి సంగతీ తెలిసిపోతోంది కాబట్టి వాళ్లు ఆడలేకపోతున్నారు. పంచేవాళ్లు కూడా ఆడే దారి ఉందా?

ఉంది. ఈ చిక్కు మీ ఇంటిది మాత్రమే కాదు. ఫోనులో పేకముక్కలు మోసం లేకుండా పంచుకోవడం ఎలా అన్న ప్రశ్న మీద 1979లోనే ముగ్గురు పరిశోధకులు ఒక పత్రం రాశారు. వాళ్లు రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్. బ్యాంకు లావాదేవీల రక్షణకు ప్రపంచమంతా వాడిన ఆర్‌ఎస్‌ఏ తాళం వీళ్లు కనిపెట్టిందే. ఒకే పెట్టెకు ఇద్దరూ చెరో తాళం వేయవచ్చు, ఎవరి తాళం వాళ్లు ఏ వరసలోనైనా తీసుకోవచ్చు అన్నది వాళ్ల ఆలోచనకు మూలం. మీకు అంత గణితం అవసరం లేదు. అదే స్ఫూర్తితో, ఇంట్లో ఉన్న సరంజామాతో పని జరిగే పద్ధతి చెబుతాను.

మీ అక్క ఆరు చీటీలను ఆరు పీడీఎఫ్ ఫైళ్లుగా చేసి, ఒక్కోదానికి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి, వాటికి 1 నుంచి 6 వరకు అంకెలే పేర్లుగా ఇచ్చి, అన్నిటినీ మీ ఒక్కరికే పంపాలి. ఏ అంకెకు ఏ పాస్‌వర్డో రాసిన జాబితాను మాత్రం మీకు తప్ప అందరికీ పంపాలి. మీరు ఆ ఫైళ్లను మీకు తోచినట్టు కలిపి, తలా ఒకటి విడివిడిగా పంపి, ఒకటి మీకు ఉంచుకోండి. అక్కకూ ఒకటి వెళుతుంది. ఇక మీ ఫైలు తెరవాలి కదా? దాని అంకెను తమ్ముడికి మాత్రమే చెప్పి, ఆ ఒక్క పాస్‌వర్డ్ అడగండి. అక్కను అడగకూడదు.

ఇప్పుడు ఎవరికి ఏం తెలుసో చూడండి. ఏ అంకెలో ఏ పాత్ర ఉందో అక్కకు తెలుసు, ఏ అంకె ఎవరికి వెళ్లిందో తెలియదు. ఎవరికి ఏ అంకె వెళ్లిందో మీకు తెలుసు, లోపల ఏముందో తెలియదు. తమ్ముడికి మీ అంకె తెలుసు, కానీ ఆ ఫైలు అతని చేతిలో లేదు. ఏ ఇద్దరూ కూడబలుక్కోనంత వరకు రహస్యం బయటికి రాదు. ఒక ఆటకు వాడిన అంకెలు, పాస్‌వర్డ్‌లు రెండో ఆటకు పనికిరావు. కనుక అక్క ముందే పది జతలు సిద్ధం చేసి పెట్టుకుంటే సాయంత్రమంతా ఆడుకోవచ్చు.

ఇంత ఓపిక లేకపోతే, ఆడకుండా కూర్చునే పెద్దవాళ్లు ఎవరైనా ఒకరు కాగితం చీటీలు తీసి, ఒక్కోదాన్నీ ఫోటో తీసి, వాట్సాప్‌లో ఒకసారి మాత్రమే కనిపించే పద్ధతిలో పంపవచ్చు. 2021లో వచ్చిన సౌకర్యం ఇది. చూసి మూయగానే ఫోటో పోతుంది కాబట్టి పక్కనున్న పిల్లలు తరవాత ఫోను లాక్కుని చూసే ప్రమాదం లేదు.

అందరూ ఒకే గదిలో ఉండి, ఒకే ఫోను చేతులు మార్చుకుంటూ చీటీలు చూపించే యాప్ వాడుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఈమధ్య తెరిచిన యాప్‌లన్నీ వరసగా కనిపించే తెర ఉంటుంది కదా, చాలా యాప్‌ల విషయంలో ముందువాళ్లు చూసిన చీటీ అందులో బొమ్మలా నిలిచిపోతుంది. యాప్ ఎంచుకునే ముందు మీరే ఒకసారి పరీక్షించండి. నా మనసులో మాట చెప్పాలంటే, ఒకే గదిలో ఉన్నప్పుడు ఫోను వద్దు. నోట్‌బుక్ కాగితం చింపే చప్పుడుతోనే సగం ఆట మొదలవుతుంది.

ప్రశ్న: మార్కుల లెక్క మీద మా ఇంట్లో ప్రతిసారీ తగాదా. మా అత్తగారి ఇంటి నియమం వేరు, మా ఇంటి నియమం వేరు. స్ప్రెడ్‌షీట్‌లో న్యాయంగా ఉండే లెక్క పెట్టడం ఎలా? (వరంగల్ పాఠకురాలు)

ముందు న్యాయం సంగతి చూద్దాం, సూత్రం తరవాత. ఆరుగురు ఆడుతున్నారనుకోండి. రాముడు ముఖాలేమీ చదవకుండా గుడ్డిగా చెబితే, ఐదుగురిలో సీతను పట్టుకునే అవకాశం ఐదింట ఒకటి. అంటే సగటున రాముడికి వచ్చేది 200, సీతకు 800. చిన్నప్పుడు రాముడి చీటీ వస్తే ఎగిరి గంతేసినవాళ్లమందరం ఈ లెక్క చూస్తే ఆశ్చర్యపోతాం. మనుషులు పెరిగే కొద్దీ సీత చీటీ మరింత విలువైనదవుతుంది. నలుగురే ఆడితే రాముడికి సగటున 333, సీతకు 667.

దీన్ని సరిచేయడానికే ఇళ్లలో రకరకాల సవరణలు పుట్టాయి. కొందరు రాముడికి రెండు అవకాశాలిస్తారు. అప్పుడు ఆరుగురి ఆటలో 400, 600 అవుతుంది. ఇది నాకు అన్నిటికన్నా నచ్చిన సవరణ. రెండో అవకాశంలో పట్టుకుంటే సగం మార్కులే అనేవాళ్లూ ఉన్నారు. అలా ఆడితే రాముడి సగటు 300 దగ్గర ఆగుతుంది. మా ఇంట్లో మరో రకం ఉండేది. రాముడు ముందు హనుమంతుణ్ణి పట్టుకోవాలి, సీతను వెతకవలసింది హనుమంతుడు. ఇందులో హనుమంతుడికి దాక్కోవాలా, దొరకాలా అన్న డోలాయమానం ఉంటుంది. దొరికితే సీతను పట్టి ఎక్కువ సంపాదించవచ్చు, దొరక్కపోతే తన మార్కులు భద్రం. ముఖంలో ఆ ఊగిసలాట చూడడమే ఆటకు అందం.

మీ అత్తగారి ఇంటి నియమం, మీ ఇంటి నియమం రెండింటినీ షీట్‌లో పక్కపక్కనే పెట్టండి. ఒక వరసలో ఆడిన ఆట సంఖ్య, పక్క గడుల్లో రాముడెవరు, సీతెవరు, ఎన్నో అవకాశంలో దొరికింది రాయండి. దొరకకపోతే సున్నా వేయండి. మార్కులు ఆ చివరి గడిని బట్టి ‘ఇఫ్’ సూత్రంతో వస్తాయి. రాముడి గడిలో, అది సున్నా అయితే 0, లేకపోతే 1000. సీత గడిలో దానికి తలకిందులు. ఇది ఒక నియమానికి, రెండో నియమానికి దాని మార్కులతో ఇలాంటివే మరో రెండు గడులు పెట్టండి. ఒక్కొక్కరి మొత్తం, ఆ పేరున్న వరసల మార్కులనే కూడే ‘సమ్‌ఇఫ్’ సూత్రంతో తీయండి. రెండు నియమాల ప్రకారం రెండు మొత్తాలూ కనిపిస్తుంటే తగాదా చాలా మటుకు దానంతటదే చల్లారుతుంది.

ప్రశ్న: బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. చీటీలు కలిపే చిన్న ప్రోగ్రామ్ రాశాను. మా చెల్లికి ఊరికే దొంగ చీటీ వస్తోందని గొడవ చేస్తోంది. నా కోడ్‌లో తప్పుందా?

ఉండే అవకాశం ఉంది. ప్రతి స్థానంలోని చీటీనీ మొత్తం చీటీల్లో ఏదో ఒకదానితో మార్చుకుంటూ పోయే పద్ధతి రాశారేమో చూడండి. చాలామంది చేసే పొరపాటు ఇది. మూడు చీటీలతోనే లెక్క కట్టండి. మూడు అడుగులు, అడుగుకు మూడు ఎంపికలు, మొత్తం 27 దారులు. మూడు చీటీలు అమరగలిగే వరసలు ఆరు. 27ను ఆరుతో సమానంగా పంచలేం. కాబట్టి కొన్ని వరసలు 27లో ఐదుసార్లు, కొన్ని నాలుగుసార్లు వస్తాయి. చెల్లెలి ఫిర్యాదుకు ఆధారం ఇక్కడ దొరకవచ్చు.

సరైన పద్ధతి ఫిషర్, యేట్స్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1938లో కాగితం, పెన్సిలుతో చేయడానికి చెప్పింది. 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ దాన్ని కంప్యూటర్‌కు అనువుగా మార్చాడు. చివరి స్థానంతో మొదలుపెట్టి, ఇంకా ఖరారు కాని చీటీల్లోంచి మాత్రమే ఒకదాన్ని ఎంచుకోవాలి. ఒకసారి స్థిరపడిన చీటీని మళ్లీ ముట్టుకోకూడదు. పైథాన్‌లో ‘షఫుల్’ ఇదే చేస్తుంది, సొంతంగా రాయనక్కర్లేదు. ఇంత చేసినా, ఆరుగురి ఆటలో దొంగ చీటీ ఎవరికి వచ్చినా మళ్లీ వెంటనే వాళ్లకే వచ్చే అవకాశం ఆరింట ఒకటి ఉంటుంది. ఆ లెక్క చెల్లికి కాగితం మీద చూపించండి. ఊరికే నమ్మమనడం కన్నా అది గౌరవం.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై మందిమి మాఫియా ఆడాలనుకుంటున్నాం. యాప్‌లో మాఫియా ఎంతమంది అని అడుగుతోంది. ఎంత పెట్టాలి?

1980ల నడుమ మాస్కోలో మనస్తత్వశాస్త్ర విద్యార్థి దిమిత్రి డేవిడోఫ్ తయారుచేసిన ఆట ఇది. దీన్నే 1997లో ఆండ్రూ ప్లాట్‌కిన్ తోడేళ్ల కథగా మార్చాడు. రాత్రి అందరూ కళ్లు మూసుకుంటే మాఫియా కళ్లు తెరిచి ఒకరిని తప్పిస్తుంది. పగలు ఊరంతా వాదించుకుని, ఓటుతో ఒకరిని బయటికి పంపుతుంది.

మీ ప్రశ్నకు జవాబు గణితజ్ఞులు వెతికారు. బ్రేవర్‌మన్, ఎతెసామి, మోసెల్ 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, డిటెక్టివ్ (రాత్రి ఒకరు మాఫియానో కాదో రహస్యంగా తెలుసుకునే పాత్ర) లేని ఆటలో మాఫియా సంఖ్య మొత్తం ఆటగాళ్ల వర్గమూలం స్థాయిలో ఉంటే రెండు పక్షాలకూ అవకాశం ఉంటుంది. ఇరవైకి వర్గమూలం నాలుగున్నరకు కాస్త తక్కువ. అది స్థాయి చెప్పే ఫలితమే కాబట్టి ఖచ్చితమైన అంకె ఆడి చూసి తేల్చుకోవాలి. నేనైతే మూడుతో మొదలుపెట్టి, ఊరు సులువుగా గెలుస్తుంటే నాలుగు చేస్తాను. డిటెక్టివ్‌ను చేరిస్తే ఊరి బలం బాగా పెరుగుతుంది, మాఫియాకు మరొకరిని ఇవ్వవచ్చు.

ప్రశ్న: బ్లఫ్ పేకాట యాప్ వేసుకుంటే కాంటాక్టులు, మైక్ అనుమతి అడుగుతోంది. నాణేలు కూడా కొనమంటోంది.

కాంటాక్టులు ఇవ్వకండి. ముక్కలు పంచడానికి మీ బంధువుల నంబర్లు అక్కర్లేదు. మాట్లాడుకుంటూ ఆడే యాప్ అయితే మైక్ ఆ ఒక్కసారికే ఇవ్వండి, ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ ఎంపిక ఉంది. ఆండ్రాయిడ్ 12 నుంచి మైక్ పనిచేస్తున్నంతసేపూ తెర పైమూల పచ్చ గుర్తు వెలుగుతుంది, ఆట అయ్యాక కూడా అది కనిపిస్తే యాప్ తీసేయండి. ఇక నాణేల గురించి. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. గెలిచిన నాణేలను తిరిగి డబ్బుగా మార్చి ఇస్తామనే యాప్ జోలికి అసలు పోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో కంప్యూటర్‌తో బ్లఫ్ ఆడుతున్నాడు. ముఖమే లేని యంత్రం బుకాయించడం ఎలా సాధ్యం? (గుంటూరు పాఠకుడు)

చాలా మంచి ప్రశ్న. బుకాయింపు ముఖానికి సంబంధించిన విద్య అని మనం అనుకుంటాం. 1950లో హెరాల్డ్ కూన్ అనే గణితజ్ఞుడు మూడే ముక్కలతో, ఇద్దరే ఆడే చిన్న పందెం ఆటను విశ్లేషించాడు. జాకీ, రాణి, రాజు. అందులో తేలింది ఏమిటంటే, మొదటివాళ్లు పందెం కట్టకుండా వదిలేస్తే, చేతిలో అన్నిటికన్నా చిన్న ముక్క జాకీ ఉన్న రెండోవాళ్లు మూడుసార్లలో ఒకసారి పందెం కట్టడమే సరైన ఆట. ఎప్పుడూ కట్టకపోతే, కట్టినప్పుడల్లా రాజు ఉందని అవతలివాళ్లకు తెలిసిపోతుంది. ఎప్పుడూ కడితే డొల్లతనం బయటపడుతుంది. అంటే తగు మోతాదులో అబద్ధం లెక్కలోంచే పుడుతుంది.

2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో శాండ్‌హోమ్, బ్రౌన్ తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు వృత్తి పోకర్ ఆటగాళ్లతో ఇరవై రోజుల్లో 1,20,000 ఆటలు ఆడి గెలిచింది. దానికి బుకాయించమని ఎవరూ నేర్పలేదు. తనతో తానే ఆడుకుంటూ ఆ మోతాదు కనుక్కుంది. మీ అబ్బాయి దానితో ఆడితే లెక్క బాగా వస్తుంది, ఆడనివ్వండి. కానీ వారానికి ఒక పూట మీరూ ఆడండి. అత్తయ్య సీత వచ్చినప్పుడు కొంగు సర్దుకుంటుందని, బాబాయి అవసరం లేకుండా దగ్గుతాడని యంత్రం దగ్గర నేర్చుకోలేడు.

ప్రశ్న: మా తాతగారికి చూపు పోయింది. ఒకప్పుడు ఈ ఆటలో ఆయనే మేటి. ఇప్పుడు వీడియో కాల్‌లో ఆయన్ను కూడా ఆడించాలని ఉంది. వీలవుతుందా? (శ్రీకాకుళం పాఠకురాలు)

తప్పకుండా. ఆయన చీటీని స్వర సందేశంగా పంపండి. వాట్సాప్‌లో స్వర సందేశం మోగుతున్నప్పుడు ఫోను చెవికి ఆనిస్తే లౌడ్‌స్పీకర్ ఆగి, మామూలు కాల్‌లో లాగా ఆయన చెవికి మాత్రమే వినిపిస్తుంది. కాల్‌కు వేరే ఫోనో కంప్యూటరో వాడండి, చీటీ వినేటప్పుడు అక్కడ మైక్ ఆపండి.

ఆయనకు రాముడు వస్తే ముఖాలు చూడలేరు కదా అంటారేమో. ఆ ఒక్క సవరణ చేసుకోండి. రాముడు ఎవరైనా సరే, మిగతా అందరూ వరసగా ఒకే వాక్యం పలకాలి: “నేను సీతను కాను.” అందరిదీ ఒకే మాట, ఒకరిదే అబద్ధం. చూపున్నవాళ్లను కూడా కళ్లు మూసుకుని వినమనండి, అప్పుడు అందరూ సమానం.

ఇందులో ఫోను అడ్డుపడే చోటు ఒకటుంది. వీడియో కాల్ యాప్‌లు చుట్టుపక్కల రొద తీసేయబోయి ఊపిరి చప్పుడు, గొంతు సవరింపు, ఆపుకున్న నవ్వు కూడా తుడిచేస్తాయి. తాతగారికి కావలసినవి అవే. జూమ్ వాడుతుంటే ఆడియో సెట్టింగ్స్‌లో అసలు ధ్వనిని ఉన్నదున్నట్టు పంపే ఎంపిక ఉంటుంది. సంగీతకారుల కోసం పెట్టారు దాన్ని. ఆడే ప్రతి ఇంట్లోనూ అది ఆన్ చేసి, ఫ్యాను వేగం తగ్గించి, మైక్‌కు కాస్త దగ్గరగా కూర్చుని పలకమనండి.