గోరు ఊడుతోందంటే నెల కిందటి జ్వరాన్ని గుర్తుచేసుకోండి

మూడేళ్ల బాబు గోళ్లు మొదట్లోంచి లేచిపోతున్నాయి, కాల్షియం తక్కువైందా అని అడిగారు. నాకైతే కాల్షియం అనిపించట్లేదండీ. గోరు ఇవాళ లేచిందంటే కారణం నిన్నా మొన్నటిది కాదు. నెలా రెండు నెలల కిందట బాబుకి జ్వరం, నోట్లో పుళ్లు, అరచేతుల్లో, అరికాళ్లలో పొక్కులు వచ్చాయేమో గుర్తుచేసుకోండి.

మా పాపకి అచ్చం ఇలాగే అయింది. స్నానం చేయించి తుడుస్తుంటే తువ్వాలు పోగు బొటనవేలి గోరుకి పట్టుకుంది. చూద్దును కదా, గోరు చివర బాగానే ఉంది, మొదట్లో మాత్రం అడ్డంగా తెగి అంచు పైకి లేచింది. ఎరుపు లేదు, వాపు లేదు, ముట్టుకుంటే నొప్పీ లేదు. లేచిన అంచు కింద పల్చగా కొత్త గోరు అప్పటికే వచ్చేస్తోంది. పిల్లల డాక్టర్ వేళ్లు చూడగానే అడిగిన మొదటి మాట, "ఈమధ్య హ్యాండ్ ఫుట్ అండ్ మౌత్ వచ్చిందా?" అని. వచ్చింది. పైన చెప్పిన పొక్కుల జ్వరమే అది. ఆ జబ్బుకి గోరు తయారయ్యే చోట పని కొన్నాళ్లు ఆగిపోతుందట. ఆ ఖాళీ గోరుతోపాటు జరుగుతూ మన కంటబడేసరికి ఇంతకాలం పడుతుంది. చేతి గోరు పెరిగేదే నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు, కాలి గోరు ఇంకా నెమ్మది.

మందేమీ వాడలేదు. గోరు లాగొద్దు, అంతే. లేచినంత మేర కత్తిరించి, దేనికీ తగులుకోకుండా ప్లాస్టర్ చుట్టాం. ఒక్కో గోరూ ఊడి, కొత్తవి శుభ్రంగా వచ్చాయి.

ఈలోపు ప్లేస్కూల్ వాళ్లు ఫంగస్ అని పాపని ఇంటికి పంపేశారు. అంత చిన్నపిల్లల గోళ్లకి ఫంగస్ పట్టడమే అరుదు. పైగా చూసిన ప్రతివాళ్లూ కాల్షియం టానిక్ పట్టమనేవాళ్లే! గోళ్ల మీద తెల్ల మచ్చలకీ అదే మాట. ఆ మచ్చలు చాలావరకు ఆటల్లో తగిలిన చిన్న దెబ్బలవే, గోరు పెరిగే కొద్దీ ముందుకి జరిగి పోతాయి. పసివాళ్ల కాలి బొటనవేలి గోరు గుంటగా ఉన్నా కంగారు పడతారు, అదీ పెరుగుతుంటే మామూలుగా సర్దుకునేదే.

గోరుచుట్టు సంగతి మాత్రం వేరు. వేలు చీకే పిల్లలకి, గోళ్లు కొరికే పిల్లలకి ఎక్కువగా వస్తుంది. గోరు పక్కన ఎర్రగా వాచి, ముట్టుకుంటే ఏడుస్తారు. మొదట్లో గోరువెచ్చని నీళ్లలో రోజుకి మూడు నాలుగుసార్లు వేలు ముంచి ఉంచితే చాలాసార్లు తగ్గుతుంది. చీము పట్టినా, ఎరుపు పాకినా, జ్వరం వచ్చినా డాక్టర్ దగ్గరికే వెళ్లండి, ఇంట్లో సూదితో గుచ్చొద్దు. ఒకే గోరు మీద నిలువుగా నల్లని చార పడి వెడల్పు అవుతున్నా చర్మ డాక్టర్‌కి చూపించాల్సిందే.

మీ బాబుకి నొప్పి, వాపు లేకపోయినా, పొక్కుల జ్వరం వచ్చిన గుర్తు లేకపోతే మాత్రం ఒకసారి చూపించండి. వెళ్లేటప్పుడు గత మూడు నెలల్లో వచ్చిన జబ్బులు, వాడిన మందులు రాసి పట్టుకెళ్లండి.