పెద్దపేగుకీ యోనికీ మధ్య ఫిస్టులా అన్నారు, ఆపరేషన్ తప్పదా?

మీ అమ్మగారికి 66 ఏళ్ళు, గర్భసంచి ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు డైవర్టిక్యులర్ జబ్బు వల్ల పెద్దపేగు నుంచి యోనిలోకి ఫిస్టులా, అంటే ఉండకూడని దారి, పడిందని సీటీ స్కాన్‌లో వచ్చింది. సర్జన్ పేగు కొంత తీసెయ్యాలంటున్నారు, మందులతోనో, ఆయుర్వేదంలో మందు పూసిన దారం కట్టే క్షారసూత్రంతోనో తగ్గదా అని కదా అడిగారు. మా అత్తగారికి సరిగ్గా ఇదే వచ్చింది. నేను డాక్టర్‌ని కాను, ఆవిడ వెంట ఆసుపత్రుల చుట్టూ తిరిగిన కోడలిని.

క్షారసూత్రం మలద్వారం పక్కన వచ్చే భగందరానికి చేస్తారు. మీ అమ్మగారి ఫిస్టులా పొత్తికడుపు లోపల, సిగ్మాయిడ్ అనే పెద్దపేగు చివరి వంపు దగ్గర ఉంది. అక్కడికి ఏ దారమూ చేరదు. మందులంటారా, యాంటిబయాటిక్స్ చీము, జ్వరం తగ్గిస్తాయి కానీ రంధ్రాన్ని మూయవు. అది దానంతట అది మూసుకుపోవడం చాలా అరుదట. ఆపరేషన్ తట్టుకోలేనంత బలహీనంగా ఉన్నవాళ్ళకి మాత్రం మందులతోనే నెట్టుకొస్తారు.

అసలు జరిగేది ఇదీ. పెద్దపేగు గోడ బలహీనంగా ఉన్నచోట చిన్న చిన్న సంచులు ఉబ్బుతాయి, డైవర్టిక్యులర్ జబ్బంటే ఇదే. వాటిలో ఒకటి వాచి చిల్లుపడితే పక్కన చీముగడ్డ కడుతుంది. ఆ గడ్డ పక్క అవయవంలోకి దారి చేసుకుంటుంది. ఎక్కువగా మూత్రాశయంలోకి పోతుంది, అప్పుడు మూత్రంలో గాలి బుడగలు, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు. ఆ తర్వాతి స్థానం యోనిది. చిన్నపేగులోకి, గర్భసంచిలోకి, పొట్ట చర్మం మీదికి రావడం ఇంకా అరుదు. ఆడవాళ్ళకి గర్భసంచి అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి, అది తీసేసినవాళ్ళకే ఈ ముప్పు ఎక్కువ. మన రెండు రాష్ట్రాల్లో ఎంత చిన్న వయసులో గర్భసంచులు తీసేస్తారో మీకు తెలియంది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ లెక్కల్లో ముందు వరుసలో ఉన్నది మనమే.

మా అత్తగారు మొదట్లో ఎవరికీ చెప్పలేదు. యోని దారిలోంచి గ్యాస్ పోతోందని, కంపు కొట్టే ద్రవం అవుతోందని ఏ నోటితో చెబుతారు? తెల్లబట్ట అనుకుని మాత్రలు వాడుతూ పోయారు. గైనిక్ డాక్టర్ దగ్గర కూడా "గ్యాస్" అన్న మాట బయటపెట్టలేదు, ఆవిడా అడగలేదు. మలం కనబడ్డాక నాకు చెప్పారు, అదీ కొడుక్కి చెప్పకూడదన్న షరతు మీద. మీ అమ్మగారు నోరు తెరిచి చెప్పడమే పెద్ద విషయం అండీ.

ఆపరేషన్ గురించి మాకు సర్జన్ చెప్పిన మాటతో సగం టెన్షన్ పోయింది: జబ్బు పేగుది, యోని ఊరికే దాని మధ్యలో ఇరుక్కుంది, అంతే. అందుకే జబ్బుపడిన సిగ్మాయిడ్ భాగం తీసేసి, పై పేగుని తెచ్చి రెక్టమ్‌కి (మలాశయానికి) కలుపుతారు. కింద జబ్బు పేగు కొంచెం మిగిల్చి కలిపితే మళ్ళీ వచ్చే అవకాశం ఉంటుందట. యోని వైపు రంధ్రం చిన్నదైతే ఒక కుట్టు వేస్తారు, లేదంటే అలాగే వదిలేస్తారు, మలం రావడం ఆగితే అదే మానుతుంది. పేగుకీ యోనికీ మధ్య పొట్టలోని కొవ్వు పొరను అడ్డంగా పెడతారు. వాపు తగ్గాక, కొన్ని వారాలు ఆగి చేస్తే చిన్న రంధ్రాలతో చేసే లాపరోస్కోపీతో కుదిరే అవకాశం పెరుగుతుంది. కిడ్నీ నుంచి వచ్చే మూత్రనాళం ఆ వాపులో అతుక్కుని ఉంటే ముందే యూరాలజిస్ట్ చేత స్టెంట్ (సన్నని గొట్టం) వేయిస్తారు, భయపడకండి.

మలం పడే బ్యాగ్ అందరికీ పెట్టరు. చీము బాగా ఉన్నా, ఒంట్లో ప్రొటీన్ తక్కువున్నా, స్టెరాయిడ్స్ వాడుతున్నా పేగులు కలిపిన అతుకు మానదేమోనన్న అనుమానంతో పొట్ట మీద తాత్కాలికంగా పెట్టి, కొన్ని నెలల తర్వాత మూసేస్తారు. మా అత్తగారికి పెట్టారు. మొదటివారం ఏడ్చారు, తర్వాత నర్సు కన్నా బాగా తనే మార్చుకున్నారు. బ్యాగ్ కన్నా జాగ్రత్తపడాల్సింది అతుకు లీకు గురించి. ఆపరేషన్ తర్వాత మొదటి వారం, పది రోజుల్లో జ్వరం, గుండెదడ, కడుపునొప్పి పెరగడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టర్‌ని పిలవండి.

ఇక జామకాయ, టమాటా గింజలు తిన్నందుకే వచ్చిందని మీ చుట్టాలు కూడా అంటారు, చూడండి. పల్లీలు, మొక్కజొన్న, పాప్‌కార్న్ ఎక్కువ తినేవాళ్ళకి ఈ సంచుల వాపు ఎక్కువేమీ రాలేదని అమెరికాలో వేలమంది మగవాళ్ళ మీద చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. పాపం తిండి మీద నింద వెయ్యకండి.

ఒకటి మీరు రాయలేదు: కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) అయిందా? పేగు క్యాన్సర్ కూడా ఇలాగే ఫిస్టులా చేస్తుంది, అప్పుడు తీసే భాగం, చేసే పద్ధతి మారిపోతాయి. ఆ పరీక్ష ఇంకా అవకపోయుంటే, ఆపరేషన్ డేట్ ఖాయం చేసుకునేలోపు సర్జన్‌ని అడగండి.