మరిగిన బోరు నీళ్లతో వండితే తప్పా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. తాగడానికి ప్లాంటు నుంచి క్యాను తెచ్చుకుంటాం. వంటకు మాత్రం బోరు నీళ్లే. రోజూ ఆరు బిందెలు నేనే మోస్తాను. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందంటే మా అత్త "మరిగినాక ఇంకేముంటదమ్మే" అంటుంది. నాకు 29 ఏళ్లే, అప్పుడే పొద్దున లేస్తే మోకాళ్లు పట్టేస్తున్నాయి. పాపకు నాలుగేళ్లు. టెన్షన్‌గా ఉంది.
– పేరు వేయొద్దన్న పాఠకురాలు

జవాబు: మరిగిస్తే చచ్చేది క్రిములు, తల్లీ. ఫ్లోరైడ్ క్రిమి కాదు, భూమిలోని రాళ్ల నుంచి నీళ్లలోకి కరిగి వచ్చేది. ఆవిరై పోయేవి నీళ్లే, అది గిన్నెలోనే ఉండిపోతుంది. మరిగేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. మీ అత్తగారిని తప్పుపట్టకు, దానికి రంగూ వాసనా ఉండవు మరి. ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బును (ఫ్లోరోసిస్) మన వైపు 1937లోనే గుర్తించారు. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేవి.

ఎసరు నీళ్లన్నీ అన్నమే పీల్చుకుంటుంది కదా, అంటే ఆ నీళ్లు మీరు తాగడం మానేసి తింటున్నారు. అన్నం, పప్పు, టీ క్యాను నీళ్లతోనే పెట్టు. అంట్లకూ స్నానాలకూ బోరు చాలు. డబ్బు కష్టమైతే ముందు పాప అన్నం. శాశ్వత దంతాలు ఇప్పుడే చిగుళ్ల లోపల తయారవుతున్నాయి, గార ఒకసారి పట్టిందా, తోమితే పోదు.

మోకాళ్ల నొప్పి ఫ్లోరైడ్ వల్లో, బరువు వల్లో ఉత్తరం చూసి చెప్పలేను. బిందెకు 15 లీటర్లు వేసుకున్నా రోజుకు 90 కిలోలు! ఫ్లోరైడ్ అనుమానానికి ఇంట్లోనే ఇలా చూసుకో: మోకాళ్లు వంచకుండా నేల అందుకో, గడ్డం ఛాతీకి ఆనించు, చేతులు తల వెనక పెట్టు. ఏది కష్టమైనా ఎముకల డాక్టరుకు చూపించు, బోరు నీళ్ల సంగతి కూడా చెప్పు.

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు కిట్‌తో నీళ్ల పరీక్ష నేర్పాలి. మీ ఊళ్లో వాళ్లెవరో పంచాయతీలో అడుగు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతేనే 1.5 దాకా. క్యాను నీళ్లూ పరీక్ష చేయించు. ఫిల్టర్లు మార్చని ప్లాంటును నమ్మలేం.

అడగని మాట ఒకటి. క్యాను బండి మీద వస్తుంది కాబట్టి మగవాళ్లు తెస్తారు. బిందె చంకన రావాలి కాబట్టి ఆడవాళ్లు. ఏ.ఎన్.ఎం.గా నేను తిరిగిన 30 ఏళ్లలో బిందె మోసే మగవాణ్ణి రెండేసార్లు చూశాను, రెండుసార్లూ పెళ్లాం బాలింత. వంటకూ ప్లాంటు నీళ్లే అయితే నీకు రోజూ ఒకటి రెండు బిందెలు తప్పుతాయి. రెండో క్యాను తెమ్మని మీ ఆయనకు ఇవాళే చెప్పు, బండి ఎలాగూ అటే వెళుతుంది.